మన శ్రమలకు అర్థమేమి? – కృష్ణా పడమటి డెల్టా సంఘముల చరిత్రనుండి



శతవార్షికోత్సవ సంచికలలో దేవాలయములు ఎప్పుడు కట్టబడినవి, బడులు ఎవరు స్థాపించిరి, ఏ గురువుగారు ఏ సంవత్సరములలో పరిచర్య చేసిరి అను వివరములు ఉండును. అవి ఉండవలసినవే. అయితే వాటి పక్కన మరియొక చరిత్ర కూడ నడచినది. అది మన పెద్దలు పడిన శ్రమల చరిత్ర. దానిని గూర్చి కొంత వ్రాయుటకు మేము పూనుకొంటిమి. అంగలకుదురునుండి తెనాలి, రేపల్లె, బాపట్లల వరకు ఏ పల్లెలోనైనను పెద్దవారు కాలమును తారీఖులతో లెక్కింపరు. ఉప్పెన వచ్చిన ఏడు, పంట మునిగిన ఏడు, చుండూరు సంగతి జరిగిన ఏడు అని చెప్పుదురు. వారి పెద్దలు ధాత కరవు నాటి మాట అని చెప్పుకొనిరి.

ప్రతి సంవత్సరము శ్రమల కాలమున నలువది దినములు మనము ప్రభువు శ్రమలను ధ్యానించుచున్నాము. మంచి శుక్రవారమున మధ్యాహ్నము పన్నెండు మొదలు మూడు గంటల వరకు గుడిలో కూర్చుండి ఏడు మాటలను వినుచున్నాము. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలోని శ్రమ కీర్తనలను పుస్తకము చూడకుండ పాడగల తల్లులు మన సంఘములలో నేటికిని ఉన్నారు. అయినను మన ఇంట పసిబిడ్డ జ్వరముతో పోయినప్పుడు, పనికి వెళ్లిన యింటి యజమాని శవమై తిరిగి వచ్చినప్పుడు, ఆ ధ్యానమంతయు ఎటు పోవునో తెలియదు. పరామర్శకు వచ్చినవారు రెండు మాటలలో ఏదో ఒకటి అందురు. "ఏ పాపము అడ్డువచ్చినదో" అనునది మొదటిది. "అంతా దేవుని చిత్తము" అనునది రెండవది. ఈ రెండు మాటలను మన చరిత్ర వెలుగులో పరీక్షించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఎవరి పాపము?

శ్రమకు కారణము పాపమేనను తలంపు మన దేశమున అతి ప్రాచీనమైనది. తలవ్రాత యనిరి, పూర్వజన్మ కర్మము అనిరి. ఊరి వెలుపల గుడిసెలలో బ్రతుకుచు, పండించిన పంటలో గింజలు దక్కక, బావిలో నీళ్లు తోడుకొనుటకు వీలులేక తరములు గడపిన మన ముత్తాతలకు ఈ మాట ప్రతి దినము వినబడెడిది. వారి కష్టమునకు వారే కారకులని చెప్పినచో మరియెవరును జవాబు చెప్పనక్కరలేదు గదా.

పరిశుద్ధ గ్రంథము ఈ లెక్కను ఒప్పుకొనలేదు. యోబు స్నేహితులు ఏడు దినములు అతనితో నేలమీద మౌనముగా కూర్చుండిరి. వారు చేసిన పనులన్నిటిలో అదియే మంచిది. వారు నోరు తెరచి అతని పాపములను వెదకుట మొదలుపెట్టగానే చెడిపోయిరి. కడపట దేవుడు తప్పుపట్టినది యోబు స్నేహితులను. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములో పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు ఇదే ప్రశ్న వేసిరి. వీడు పాపము చేసెనా, వీని కన్నవారు చేసిరా? ప్రభువు ఇద్దరినీ విడిచిపెట్టి, ఆ మనుష్యునియందు దేవుని క్రియ జరుగవలసియున్నదని చెప్పి, వెంటనే బురద కలిపి పని మొదలుపెట్టెను. కారణమును గూర్చిన చర్చ అంతటితో ముగిసినది.

లూకా సువార్త పదుమూడవ అధ్యాయములో మరియొక సంగతి ఉన్నది. సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయిరి. యెరూషలేములో కాపురమున్న తక్కినవారికంటె వారు ఎక్కువ పాపులా అని ప్రభువు తానే అడిగి, కాదని తానే చెప్పెను. పాఠకులు ఈ గోపురమును జ్ఞాపకముంచుకొందురు గాక. బాపట్ల సంగతి వచ్చినప్పుడు దానితో మనకు పనియున్నది.

నందన కరవు, కృష్ణ నీళ్లు

నందన నామ సంవత్సరమున, అనగా 1832–33లో, గుంటూరు సీమలో వానలు లేక ఘోరమైన కరవు వచ్చెను. దానిని డొక్కల కరవనియు పిలిచిరి. గుంటూరు జిల్లాలో అయిదు లక్షల జనములో రెండు లక్షలమంది వరకు నశించిరని తరువాతి ప్రభుత్వ గ్రంథములు వ్రాసినవి. ఊళ్లకు ఊళ్లు పాడుపడినవి. పొలములు దున్నువారు లేక బీళ్లయినవి.

ఆ దినములలో కూడ కృష్ణానది ఇక్కడనే ఉన్నది. దాని నీళ్లు సముద్రములో కలియుచుండెను. దాని ఒడ్డున ప్రజలు చచ్చుచుండిరి. ఈ సంగతిని గట్టిగా పట్టుకొన్నవారు ఆర్థర్ కాటన్ దొరగారు. ఆయన గోదావరి మీద ఆనకట్ట కట్టించిరి. కృష్ణ మీద బెజవాడ వద్ద ఆనకట్ట 1855లో పూర్తియైనది. ఆ ఆనకట్ట కాలువలే నేడు తెనాలి నడుమ పారుచు అంగలకుదురు మొదలు రేపల్లె వరకు మాగాణులను తడుపుచున్నవి. మన చేలు పచ్చగానుండుటకు వెనుక రెండు లక్షల సమాధులు ఉన్నవని మరువరాదు. కరవు దేవుని చిత్తమే అని ఊరకుండినచో ఆనకట్ట వచ్చియుండదు.

ఆ కరవు తీరిన తొమ్మిదేండ్లకు, 1842 జూలై 31వ తేదీన, హయ్యరు అయ్యగారు గుంటూరు చేరిరి. అమెరికా లూథరను సంఘముల పక్షమున వచ్చిన మొదటి మిషనరీ ఆయన. అప్పటికి ఆయన వయస్సు 49 సంవత్సరములు, భార్యను పోగొట్టుకొన్నవారు. గుంటూరు కలెక్టరుగానున్న హెన్రీ స్టోక్సు గారు ఆయనను ఆహ్వానించి అండగా నిలిచిరి. అయ్యగారు బడులు పెట్టిరి. స్వదేశమునకు వెళ్లి వైద్యము చదువుకొని మరల వచ్చి, పలనాటి పల్లెలలో పనిచేసిరి. కరవు బ్రతుకునుండి మిగిలిన జనము నడుమ మన ప్రాంతపు సువార్త పని ఈ విధముగా మొదలైనది. ఆయన కరవునకు కారణము వివరించుటకు వచ్చినవారు కారు. ఒక చేత వేదము, ఒక చేత మందు పట్టుకొని వచ్చిరి.

పదిహేను నెలలు మూయబడిన తొట్టి

ధాత కరవు 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును కాల్చివేసెను. దానికి తోడు కలరా వచ్చెను. ఆ కాలమున ఒంగోలులో అమెరికను బాప్తిస్టు మిషను పనిచేయుచున్న క్లౌ దొరగారు ఒక వింత పని చేసిరి. ఆకలిగొన్నవారికి ఊరక గంజి పోయుటకు మారుగా, ప్రభుత్వము త్రవ్వించుచున్న బకింగుహాము కాలువలో మూడు మైళ్లకు పైగా భాగమును కంట్రాక్టు తీసికొని, కూలి యిచ్చి పని చేయించిరి. మన కొమ్మమూరు కాలువతో పెదగంజాము వద్ద కలియు కాలువ ఇదియే. కాలువ గట్టున గుడారములు వేసిరి. ఉపదేశులు మేస్త్రీలైరి. పగలు పార, తట్ట; సాయంకాలము వాక్యము.

ఇచ్చట గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. ఆ కాలములో బాప్తిస్మము కోరుచు వేలమంది వచ్చిరి. క్లౌ దొరగారు ఒప్పుకొనలేదు. ఆకలి కొరకు వచ్చినారో విశ్వాసము చేత వచ్చినారో తేలదు గనుక దాదాపు పదిహేను నెలలు బాప్తిస్మములను నిలిపివేసిరి. కరవు సహాయము ముగిసిపోయి, పంచిపెట్టుటకు చేతిలో డబ్బు లేని దినములలో మాత్రమే తలుపు తెరచిరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఏటిలో వెల్లంపల్లి వద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ సంఖ్యను మనము పండుగలలో గర్వముతో చెప్పుకొనుచున్నాము. దానికంటె ఆ పదిహేను నెలల నిరీక్షణ మనకు ఎక్కువ పాఠము నేర్పును. ఇతరుల శ్రమ మన పరిచర్యకు ఎర కారాదు. ఆకలియైన వానికి మొదట అన్నము పెట్టవలెను, ఆ అన్నమునకు వెల కట్టకూడదు. కరవు తీరిన పిమ్మట వారు వచ్చిరి గదా! ఎందుకు వచ్చిరి? వారి గుడిసెలలో కలరాతో పడియున్నవారి దగ్గరకు వచ్చినవారెవరో, కాలువ గట్టున తమతోకూడ ఎండలో నిలిచినవారెవరో వారు చూచిరి. శ్రమ వారిని దేవునియొద్దకు తెచ్చినదని చెప్పుట సులభము. శ్రమలో తోడుండినవారిని చూచి వారు దేవుని తెలిసికొనిరనుట సత్యమునకు దగ్గర.

పెద్దరోగము

కుష్ఠును మన పల్లెలలో పెద్దరోగము అనెడివారు. ఆ పేరు పలుకుటకే భయము. రోగిని ఇంటినుండి, ఊరినుండి, కొన్నిచోట్ల గుడినుండి కూడ వెలివేసిరి. పాపఫలమనుటకు దీనికంటె దృష్టాంతము లేదని తలంచిరి. ఈ తీర్పు హిందువులలోనే గాక క్రైస్తవులలోను ఉండెను.

1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెను ఈ రోగమునకు కారణము ఒక సూక్ష్మజీవియని కనుగొనెను. తరములపాటు శాపమని చెప్పబడినది అద్దములో కనబడు పురుగు మాత్రమేనని తేలినది. బాపట్లలో సాల్వేషను ఆర్మీవారు కుష్ఠరోగుల కొరకు ఆసుపత్రి నెలకొల్పిరి. ఎవరును ముట్టని పుండ్లను అచ్చట కడిగి కట్టు కట్టిరి. గుంటూరులో 1883లో దిగిన డాక్టరు అన్నా కుగ్లరు దొరసానిగారు స్త్రీల కొరకు 1898లో ఆసుపత్రి తెరచి, 1930లో అదే గుంటూరులో కన్నుమూసిరి. అంతకుముందు పురుషుడైన వైద్యుని ఎదుటికి రాలేక ప్రసవములలో ప్రాణములు విడిచిన స్త్రీలెందరో! వారి చావులకు కూడ ఊరివారు తలవ్రాతయనియే పేరు పెట్టియుందురు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1982లో పలుమందుల చికిత్సను సిఫారసు చేసిన తరువాత కుష్ఠు పూర్తిగా నయమగు రోగమైనది. 2005 డిసెంబరు నాటికి మన దేశములో పదివేలమందికి ఒకరికంటె తక్కువ స్థాయికి దిగినది. అయితే మనుష్యుల మనస్సు రోగమంత త్వరగా నయము కాలేదు. క్రైస్తవులకు వర్తించు 1869వ సంవత్సరపు విడాకుల చట్టములో కుష్ఠు ఒక కారణముగా 2019 వరకు నిలిచియుండెను. ఆ సంవత్సరమున పార్లమెంటు దానిని, ఇతర మతములవారి చట్టములలోని అట్టి నిబంధనలతోకూడ, తీసివేసినది. కుష్ఠరోగిని చేయి చాపి ముట్టిన ప్రభువును వెంబడించు మన వివాహ చట్టమునుండి ఆ మాట తొలగుటకు 2019 వరకు ఆగవలసి వచ్చినది.

సిలోయము గోపురము, బాపట్ల గుడి

1977 నవంబరు 19వ తేదీ శనివారము. వరి కోతకు వచ్చిన కాలము. ఆ దినమున బంగాళాఖాతమునుండి వచ్చిన తుపాను కృష్ణా, గుంటూరు తీరములను కొట్టెను. దివిసీమలో తాటిచెట్టంత అల లేచి వచ్చినదని బ్రతికినవారు చెప్పిరి. రేపల్లె, బాపట్ల తాలూకాల తీర గ్రామములు దెబ్బతిన్నవి. అధికార లెక్కల ప్రకారమే దాదాపు పదివేలమంది మృతిచెందిరి. అంతకు మించియే పోయిరని పలువురు నమ్మిరి. శవములకు సమాధులు త్రవ్వుటకు చేతులు చాలలేదు.

బాపట్లలో ఆ గాలికి తాళలేక ప్రజలు ఒక దేవాలయములో తలదాచుకొనిరి. ఆ గుడి కూలి సుమారు నూరుమంది చనిపోయిరని నాటి వార్తలు తెలిపినవి. ఇండ్లు నిలువవని తెలిసి, దేవుని మందిరము నిలుచునని నమ్మి వెళ్లినవారు వారు. ఈ సంగతిని ఎదుర్కొనకుండ శ్రమను గూర్చి ఏ ప్రసంగము చేసినను అది గాలిమాటయే యగును. వారి పాపము అడ్డువచ్చినదందుమా? సిలోయము గోపురము దగ్గర ప్రభువు ఆ మాటను కొట్టివేసెను. అంతా దేవుని చిత్తమందుమా? తన చెంత చేరిన బిడ్డలమీద కప్పు కూల్చు తండ్రిని ప్రభువు మనకు బయలుపరచలేదు.

ఆ తరువాత పదమూడేండ్లకు జరిగినది చూడుడు. 1990 మే 9వ తేదీన అట్టిదే మహా తుపాను మరల కృష్ణా డెల్టానే తాకెను. ఆ పర్యాయము మృతులు వేయి లోపు. గాలి తగ్గినందువలన కాదు. ముందుగా హెచ్చరిక అందినది. లక్షల జనమును తీరమునుండి తరలించిరి. 1977 తరువాత కాసా వంటి క్రైస్తవ సేవా సంస్థలు, ప్రభుత్వము, ఇతరులు కట్టిన తుపాను ఆశ్రయములు ఉండెను. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగు తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. చేతికి వచ్చిన పంట నేలపాలై రైతులు, కౌలుదారులు, కూలీలు ఏడ్చిరి. కాని 1977నాటివలె శవముల గుట్టలు లేవు.

దేవుని చిత్తము అను మాటకు ఈ మూడు తుపానులు అర్థము చెప్పుచున్నవి. గాలి వచ్చుట మన చేతిలో లేదు. పదివేలమంది చచ్చుటా, వేయిమంది చచ్చుటా, ఎవరును చావకుండుటా అనునది చాలవరకు మనుష్యుల చేతిలోనే ఉన్నది. ప్రజలను బ్రతికించుటయే ఆయన చిత్తమని తెలిసినవారు గట్టి గోడలు కట్టిరి, ముందుగా కబురు పంపిరి, తలుపులు తెరచిరి. బాపట్ల గుడిలో మృతిచెందినవారికి మనము చెల్లింపగల నివాళి అదియే. గుడి కట్టునప్పుడు గోపురము ఎత్తునకు ముందు పునాది బలమును, కప్పు బలమును చూచుట కూడ ఆరాధనలో భాగమే.

చుండూరు

ఇంతవరకు చెప్పినది గాలి, నీరు, రోగము తెచ్చిన శ్రమ. మనుష్యుడు మనుష్యునికి కలిగించు శ్రమ మరియొకటి కలదు. తెనాలినుండి బాపట్ల వెళ్లు రైలుదారిలో చుండూరు ఉన్నది. 1991 ఆగస్టు 6వ తేదీన ఆ ఊరి పల్లెపై అగ్రకులములవారి గుంపు దాడిచేసి ఎనిమిదిమంది దళితులను చంపెను. కొందరి దేహములను గోనె సంచులలో మూటగట్టి కాలువలో పడవేసిరి. పల్లె ఖాళీయైనది. ప్రాణములు అరచేత పట్టుకొని తెనాలికి పరుగెత్తి వచ్చిన కుటుంబములకు సాల్వేషను ఆర్మీవారి ఆవరణము ఆశ్రయమైనది. తరువాత వారు తమ మృతులను ఊరి నడుమ సమాధి చేసి, ఆ స్థలమునకు రక్తక్షేత్రమని పేరు పెట్టిరి. బైబిలు చదువువారికి ఆ పేరు వినగానే హేబెలు రక్తము నేలనుండి మొఱపెట్టిన సంగతి జ్ఞాపకము వచ్చును.

నేరము జరిగిన ఊరిలోనే ప్రత్యేక న్యాయస్థానము ఏర్పడినది. 2007 జూలై 31వ తేదీన 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఒక సంవత్సరము శిక్ష విధింపబడినది. 2014 ఏప్రిలులో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసినది. వ్యవహారము సుప్రీంకోర్టు మెట్లెక్కినది. ఆ విధవరాండ్రకు మనము ఏమి చెప్పుదుము? సహించుడి, పరలోకములో ప్రతిఫలము కలదు అని చెప్పి ఇంటికి పోవుదుమా?

సహనమును గూర్చి పేతురు వ్రాసిన మాటలు కొన్ని వేదికలనుండి తరచుగా వినబడును. ఆ మాటలు సత్యము. కాని ప్రభువు చరిత్రను పూర్తిగా చదువవలెను. ప్రధానయాజకుని యెదుట బంట్రౌతు చెంపమీద కొట్టినప్పుడు ఆయన ఊరకుండలేదు. తాను పలికినది న్యాయమైతే ఎందుకు కొట్టుచున్నావని అడిగెను. ఫిలిప్పీ పట్టణములో బెత్తములతో కొట్టి చెరసాలలో వేసిన అధికారులు రహస్యముగా పంపివేయచూచినప్పుడు, పౌలు కదలలేదు. వారే వచ్చి వెలుపలికి తీసికొని పోవలెనని పట్టుబట్టెను. తరువాత కైసరు ఎదుట చెప్పుకొందుననెను. ఈ ఇద్దరిలో ఎవరును కత్తి దూయలేదు, ఎవరును అన్యాయమును న్యాయమనలేదు.

1518లో హైడెల్బర్గులో జరిగిన వాదములో లూథరుగారు సిలువ వేదాంతము ఏమిటో తేల్చి చెప్పిరి. మహిమను మాత్రమే కోరు బోధకుడు చెడ్డను మంచి యనును. సిలువ నెరిగిన బోధకుడు ఉన్నదానిని ఉన్నట్టు చెప్పును. ఇది ఆయన మాటల భావము. రోగమును రోగమని, హత్యను హత్యయని పిలువనిచో సిలువను గూర్చి మాటలాడుటకు మనకు అధికారము లేదు. సిలువ కూడ ఒక అన్యాయపు తీర్పే గదా! దేవుడు ఆ తీర్పును రద్దు చేసెను అనుటయే పునరుత్థానము.

మన తెలుగు సాహిత్యములో ఈ శ్రమకు గొంతునిచ్చినవారు గుఱ్ఱము జాషువగారు. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబమున పుట్టి, అంటరానితనపు అవమానములను అనుభవించిరి. 1941లో వెలువడిన గబ్బిలము కావ్యములో, గుడిలోనికి పోరాని పేదవాడు తన మొఱను కాశీలోని శివునికి ఒక గబ్బిలముతో పంపును. మనుష్యుడు పోరాని చోటికి గబ్బిలము పోగలదు! ఆయన క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. అవమానమును మింగి ఊరకుండుట ఆయన సహనము కాదు. దానిని పద్యము చేసి లోకము చేత చదివించుట ఆయన సహనము.

రెండు పేర్లు

విశ్వాసము నిమిత్తము పడు శ్రమ ఒకటి మన ఇండ్లలో నిశ్శబ్దముగా నడచుచున్నది. 1950 ఆగస్టులో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము హిందువులు కానివారు షెడ్యూల్డు కులములవారిగా పరిగణింపబడరు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు ఇయ్యబడినది. క్రైస్తవులైన దళితులను మన రాష్ట్రములో వెనుకబడిన తరగతుల సి గ్రూపులో చేర్చి ఒక శాతము రిజర్వేషను ఇచ్చిరి. ఈ ప్రశ్నను పరిశీలించుటకు 2022లో కేంద్ర ప్రభుత్వము జస్టిసు బాలకృష్ణన్ గారి కమిషనును నియమించినది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కుల హోదా కోరుచు తీర్మానము చేసినది.

దీని ఫలితమేమి? బాప్తిస్మపు రిజిస్టరులో ఒక పేరు, బడి సర్టిఫికెటులో ఒక పేరు పెట్టుకొని బ్రతుకు బిడ్డలున్నారు. పల్లెలో అవమానము మాత్రము ఏ మతమని అడిగి రాదు. బావి దగ్గర, హోటలు దగ్గర, శ్మశానము దగ్గర కులము చాలును. ఈ బిడ్డలను పిరికివారని నిందించుట సులభము. ఒక తల్లి తన కుమారుని చదువునకును తన ప్రభువు నామమునకును నడుమ చీలిపోవుచున్నప్పుడు, ఆమెకు కావలసినది నింద కాదు. ఆమె పక్షమున మాటలాడు సంఘము కావలెను. అవయవములలో ఒకటి శ్రమపడినయెడల తక్కినవన్నియు దానితోకూడ శ్రమపడునని పౌలు కొరింథీయులకు బోధించెను గదా.

ఇక అర్థమేమి?

మన ప్రాంతపు చరిత్రను ఈ రీతిగా చూచినప్పుడు మాకు తోచినది చెప్పి ముగింతుము. ఎందుకు అను ప్రశ్నకు బైబిలు పూర్తి జవాబు ఇయ్యలేదు. యోబుకు జవాబు దొరకలేదు, దేవుడు దొరికెను. పౌలు శరీరములోని ముల్లు తీసివేయబడలేదు, కృప ఇయ్యబడెను. గెత్సేమనేలో ప్రభువే ఆ గిన్నె తొలగిపోవలెనని ప్రార్థించెను. సిలువమీద ఎందుకని కేక వేసెను. కాబట్టి ఎందుకు అని అడుగువాడు అవిశ్వాసి కాడు. శ్రమను కోరుకొనుట భక్తియు కాదు.

ఏ పాపమో అను మాటను ప్రభువే త్రోసివేసెను. దేవుని చిత్తము అను మాటను జాగ్రత్తగా పలుకవలెను. బ్రతికియున్నవారి సోమరితనమును, బలవంతుల దౌర్జన్యమును కప్పిపుచ్చుటకు ఆ మాటను వాడరాదు. శ్రమ తనంతట తాను మంచిది కాదు. అది కొందరిని మెత్తపరచును, కొందరిని విరుగగొట్టును. శ్రమకు అర్థము వచ్చునది దానిలోనికి మరియొకరు దిగి వచ్చినప్పుడు. సిలువలో దేవుడు చేసినది అదియే. దూరమునుండి కారణములు పంపలేదు, తానే వచ్చెను. నాజీల చెరసాలలో ఉండి 1945 ఏప్రిలు 9వ తేదీన ఉరితీయబడిన బోన్‌హోఫర్ అను జర్మను గురువుగారు, శ్రమపడు దేవుడే మనకు సహాయపడగలడను భావమును తన ఉత్తరములలో వ్రాసిరి. ఆయన అది వ్రాయుటకు ఎంతో ముందే, కలరా గుడారములలో తిరిగిన మన ఉపదేశులు ఏ పుస్తకమును వ్రాయకయే ఆ సంగతి చూపియుండిరి.

మన పల్లెలలో ఒక మంచి అలవాటు కలదు. చావు జరిగిన ఇంట పొయ్యి వెలిగింపరు. ఇరుగుపొరుగువారు అన్నము వండి తెచ్చి, ఏడ్చువారి ప్రక్కన కూర్చుండి, రెండు ముద్దలైన తినిపించి వెళ్లుదురు. అట్లు తెచ్చువారిలో పెద్ద ప్రసంగము చేయువారు తక్కువ. రాబోవు నూరేండ్లలో మన సంఘము ఈ ప్రాంతమునకు ఏమి కావలెనని ఎవరైన అడిగినచో, ఆ అన్నపుగిన్నె కావలెనని మేమందుము. తుపాను నాడు తెరచియుండు గట్టి కప్పు కావలెను. వెలివేయబడినవానిని ముట్టు చెయ్యి కావలెను. కోర్టు మెట్లమీద విధవరాలి ప్రక్కన నిలుచు తోడు కావలెను. రేపల్లె తీరమున అయినను, అంగలకుదురు పల్లెలో అయినను, శ్రమపడు మనుష్యుడు మొదట చూచునది తన ప్రక్క ఎవరు కూర్చున్నారనియే. ప్రభువు మనలను అచ్చట కూర్చుండబెట్టును గాక.